సహజ రేడియోధార్మికత జీవానికి పునాది వేసిందా?

"గాబన్‌లోని ఓక్లోలో సహజ అణు రియాక్టర్ నడిచిందట కదా, తొలి జీవం అలాంటి చోటే పుట్టి ఉంటుందా? ప్రాణాలు తీసే రేడియేషనే ప్రాణం పోసిందంటే నమ్మేదెలా?" అని అడిగారు. రేడియేషన్ రసాయన శాస్త్రంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీవానికి కావలసిన ముడిసరుకు తయారీలో రేడియేషన్‌కు పాత్ర ఉండి ఉంటుందనడానికి మంచి ఆధారాలున్నాయి. పుట్టిన జీవాన్ని నేల లోతుల్లో అది పోషించగలదని కళ్లెదుటే రుజువైంది. ఈ రెంటికీ మధ్య అసలు దశ ఒకటుంది. అణువులు ఒక చోట చేరి తమకు తామే నకళ్లు తయారుచేసుకోవడం మొదలుపెట్టిన దశ అది. అది రేడియేషన్ వల్ల జరిగిందనడానికి ఇంతవరకు ఏ ఆధారమూ లేదు. ఇటుకలు కాల్చిన బట్టీని చూసి ఇల్లు అదే కట్టిందనలేం కదా.

మొదట ఓక్లో సంగతి తేల్చేద్దాం. 1972లో ఫ్రాన్స్‌లోని పియర్‌లాట్ కర్మాగారంలో యురేనియం నమూనాలను పరీక్షిస్తున్నప్పుడు ఒక చిన్న తేడా కనిపించింది. సహజ యురేనియంలో యురేనియం-235 వాటా 0.720 శాతం ఉండాలి. గాబన్ నుంచి వచ్చిన ఖనిజంలో 0.717 శాతమే ఉంది. ఆ కొద్దిపాటి లోటు ఎక్కడికి పోయిందని వెతికితే, సుమారు 200 కోట్ల ఏళ్ల క్రితం ఆ ఖనిజపు పొరల్లో గొలుసు చర్య (ఒక కేంద్రకం చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు మరికొన్నింటిని చీల్చడం) దానంతటదే నడిచిందని తేలింది. నెమ్మదించిన న్యూట్రాన్లే యురేనియం-235ను బాగా చీల్చగలవు, నేలలోని నీరు వాటి వేగాన్ని తగ్గించేది. చర్య ముదిరి నీరు ఆవిరైపోతే ఆగిపోయేది, మళ్లీ నీరు చేరితే మొదలయ్యేది. అక్కడ చిక్కుబడిన జినాన్ వాయువును పరీక్షించినవారు, సుమారు అరగంట నడక, రెండున్నర గంటల విరామం చొప్పున అది సాగిందని లెక్కగట్టారు. ఇలాంటిది సాధ్యమేనని రసాయనవేత్త పాల్ కురోడా 1956లోనే ఊహించడం నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది.

అయితే 200 కోట్ల ఏళ్లన్న అంకెను గమనించండి. జీవం ఆనవాళ్లు కనీసం 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనే ఉన్నాయి. ఓక్లో రియాక్టర్ రాజుకునే నాటికి జీవం పుట్టి 150 కోట్ల ఏళ్లు దాటింది. పైగా ఆ రియాక్టర్ ఏర్పడటం వెనుక జీవం చెయ్యి ఉంది. యురేనియం ఆక్సిజన్ ఉన్న నీటిలో బాగా కరుగుతుంది, లేని నీటిలో దాదాపు కరగదు. కిరణజన్య సంయోగక్రియ చేసే సూక్ష్మజీవులు గాలిని ఆక్సిజన్‌తో నింపడం సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం జరిగింది. ఆ తర్వాతే యురేనియం నీటిలో కరిగి, ప్రవహించి, ఒక చోట అంత చిక్కగా పేరుకోగలిగింది. కాబట్టి జీవం వల్ల ఓక్లో వచ్చిందంటే ఒప్పుకుంటాను, ఓక్లో లాంటి దాని వల్ల జీవం వచ్చిందంటే ఒప్పుకోలేను.

మరి 400 కోట్ల ఏళ్ల క్రితం ఇంకో రకం రియాక్టర్ ఉండే వీలుందా? ఒక విధంగా ఉంది. యురేనియం-235 అర్ధాయుష్షు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 70.4 కోట్ల ఏళ్లు, యురేనియం-238ది దాదాపు 447 కోట్ల ఏళ్లు. వెనక్కి లెక్కగడితే ఆనాటి యురేనియంలో 235 వాటా సుమారు 17 శాతం వస్తుంది. ఈనాటి చాలా విద్యుత్ రియాక్టర్లలో వాడే ఇంధనంలో అది 5 శాతానికి లోపే. కాబట్టి గొలుసు చర్య మొదలవడానికి చిన్న కుప్ప చాలు. ఆ కుప్ప ఎలా పోగవుతుందన్నదే చిక్కు. కరగకపోయినా కొట్టుకువచ్చి చేరవచ్చన్నది జాకరీ ఆడమ్ 2007లో చేసిన ప్రతిపాదన. యురేనినైట్ (యురేనియం ఖనిజం), మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) లాంటి బరువైన రేణువులను అలలు జల్లించి తీరాన పేర్చుతాయి. అప్పట్లో చంద్రుడు ఇంకా దగ్గరగా ఉండేవాడు, ఆటుపోట్లూ బలంగా ఉండేవి. దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్‌లో 280 కోట్ల ఏళ్లు దాటిన నదీ నిక్షేపాల్లో నీటి ఒరిపిడికి గుండ్రబడ్డ యురేనినైట్ రేణువులు ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి ఇది గాల్లో మేడ కాదు. 2017లో ఎబిసుజాకి, మరుయామా ఇంకో అడుగు ముందుకేసి, అణుశక్తితో మరిగే వేడినీటి బుగ్గల నమూనా ప్రతిపాదించారు. ఆలోచన ఆకర్షణీయంగానే ఉంది. కానీ అంత పాత రియాక్టర్ ఆనవాలు ఒక్కటీ దొరకలేదు. నా దృష్టిలో దాని అవసరమూ లేదు. రసాయన చర్యలకు మామూలు రేడియోధార్మిక విఘటనమే చాలు.

ఎందుకు చాలో తెలియాలంటే, నీటిలోకి రేడియేషన్ దూసుకుపోయినప్పుడు ఏమవుతుందో దగ్గరగా చూడాలి. గామా కిరణమో ఆల్ఫా కణమో నీటి అణువును తాకినప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. అది కాస్త దూరం పోయి, చుట్టూ నీటి అణువులను పోగేసుకుని నిలుస్తుంది. దీన్ని జలయోజిత ఎలక్ట్రాన్ అంటాం. 1962లో హార్ట్, బోగ్ దీన్ని పట్టుకున్నారు. ఎరుపు కాంతిని బలంగా పీల్చుకోవడం వల్ల దాని జాడ తెలిసింది. దాని ఆయుష్షు సాధారణంగా మైక్రోసెకన్లలోనే. ఆ కాస్త సేపట్లోనే ఎదురైన అణువుకు తనను తాను ఇచ్చేస్తుంది. రసాయన శాస్త్రంలో ఇంత బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం) అరుదు. నీటి అణువులో మిగిలిన భాగం హైడ్రాక్సిల్ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్‌తో చురుగ్గా చర్య జరిపే ముక్క) అవుతుంది. అది అంతే బలంగా ఎలక్ట్రాన్లను లాగేసుకునే ఆక్సీకరణి. గామా కిరణాలైతే, ఖర్చయిన ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తికి కొలమానం) శక్తికి ఇవి రెండూ సుమారు 2.7 చొప్పున పుడతాయి, కొంత హైడ్రోజన్ వాయువు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వస్తాయి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే చోట, ఒకేసారి తయారవుతున్నాయన్నమాట. జీవుల్లో శక్తి ప్రవాహమంతా ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే కాబట్టి ఈ విషయం నన్ను మొదటినుంచీ పట్టి నిలిపింది.

ప్రయోగశాలలో ఇది చూడటానికి చాలా నిరాడంబరంగా ఉంటుంది. ద్రావణంలోకి ఆర్గాన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేస్తాం, గాజు గొట్టాన్ని మంట మీద మూసేసి, గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న గామా గదిలోకి దింపుతాం. వెలుగు లేదు, చప్పుడు లేదు, తాకితే వేడి కూడా తెలియదు. బయటకు తీసేసరికి గాజు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. లోపల ఉన్నది సైనైడ్ ద్రావణమైతే మెల్లగా పసుపుకు, ఆపై ముదురు గోధుమ రంగుకు మారుతుంది. ఆ రంగు వెనుక వందల రకాల అణువులుంటాయి. మనకు కావలసినవి అందులో చాలా కొద్ది భాగం.

చరిత్ర చూస్తే, ఈ రంగంలో తొలి ప్రయోగం మిల్లర్‌ది కాదు. స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి మిశ్రమంలో విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు రాబట్టిన పత్రం 1953లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1951లో, బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్ బృందం కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటి మీద సైక్లోట్రాన్ (కణాలకు వేగం పెంచే యంత్రం) నుంచి హీలియం అయాన్లను ప్రయోగించి ఫార్మిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ సాధించింది. ఆల్ఫా కణమంటే హీలియం కేంద్రకమే కాబట్టి అది నేరుగా సహజ రేడియోధార్మికతకు నమూనా. ఆ పత్రానికి రావలసినంత పేరు రాలేదని నా బాధ. 1963లో, శ్రీలంకలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ, కాల్విన్ తదితరులతో కలిసి మీథేన్, అమ్మోనియా, నీటి మిశ్రమంపై ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపి ఎడినిన్ తయారైందని చూపారు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లో అక్షరాల్లా సమాచారం మోసే నాలుగేసి క్షారాల్లో ఎడినిన్ ఒకటి.

ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది 2020లో ఫారెన్‌బాక్, ఆడమ్, క్లీవ్స్ తదితరులు ప్రచురించిన పని. దాని విలువ తెలియాలంటే 2009కి వెళ్లాలి. ఆ ఏడాది బ్రిటన్ రసాయనవేత్త జాన్ సదర్లాండ్ బృందం ఆర్‌ఎన్‌ఏలోని రెండు రకాల నిర్మాణ ఘటకాలను సరళ పదార్థాల నుంచి తయారుచేసే దారి కనుక్కుంది. ఆ దారిలో కీలకమైన మజిలీ 2-అమైనోఆక్సజోల్ అనే అణువు. అది సయనమైడ్, గ్లైకాలాల్డిహైడ్ కలిస్తే వస్తుంది. ఆ రెండూ ఎక్కడివని విమర్శకులు అడిగారు. రసాయనవేత్త సీసాల్లోంచి తీసి సరైన సమయానికి కలుపుతున్నాడు, ప్రకృతిలో ఎవరు కలుపుతారన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. 2020 ప్రయోగంలో హైడ్రోజన్ సైనైడ్ ద్రావణంలో ఉప్పు, అమ్మోనియం, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి గామా కిరణాల కింద ఉంచి, ఆపై ఆరబెట్టారు. మధ్యలో కొత్తగా ఏదీ కలపకుండానే సయనమైడ్, గ్లైకాలాల్డిహైడ్, వాటి నుంచి 2-అమైనోఆక్సజోల్ వచ్చాయి. మామూలు ఉప్పులోని క్లోరైడ్ ఈ చర్యల్లో సాయపడటం నాకు బాగా నచ్చిన అంశం. సముద్రమంతా ఉన్న పదార్థమది.

అలాగని అతినీలలోహిత కాంతిని పక్కన పెట్టలేం. శక్తి లెక్కల్లో దానిదే పైచేయి. మిల్లర్, యూరీ తదితరులు ఇచ్చిన పట్టిక ప్రకారం నేటి భూమ్మీద చదరపు సెంటీమీటరుకు ఏడాదికి 200 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతి నుంచి 41 కేలరీలు, మెరుపుల లాంటి విద్యుదుత్సర్గాల నుంచి 4, కిలోమీటరు లోతు వరకు రేడియోధార్మికత నుంచి 0.8, విశ్వ కిరణాల నుంచి 0.0015 వస్తాయి. ఆనాడు రేడియోధార్మికత ఇంతకు కొన్ని రెట్లు ఉండేది. పొటాషియం-40 ఒక్కటే నేటికంటే 9 రెట్లు ఉండేది. అయినా సగటున చూస్తే కాంతిదే అగ్రస్థానం. పైగా కొన్ని సైనైడ్ లోహ సమ్మేళనాల నుంచి కాంతి కూడా అదే జలయోజిత ఎలక్ట్రాన్‌ను విడిపించగలదు, సదర్లాండ్ బృందం వాడుకున్నది దాన్నే. రేడియేషన్ బలం వేరే చోట ఉంది. కాంతి పగటిపూట, నీటి పైపొరల్లో మాత్రమే పనిచేస్తుంది. ఇసుక కింద, రాతి పగుళ్లలో, మంచు అడుగున అది చేరదు. రేడియోధార్మిక రేణువు రాత్రీ పగలూ, చీకట్లోనూ, కోట్ల ఏళ్ల పాటు విరామం లేకుండా పనిచేస్తుంది.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. అది దేన్నీ ఎంచుకోదు. కట్టిన బంధాన్నే మరుక్షణం తెంచుతుంది. సహజ ఆల్ఫా కణం నీటిలో వెళ్లే దూరం కొన్ని పదుల మైక్రోమీటర్లు మాత్రమే. ఆ పరిధిలో పుట్టిన అణువు త్వరగా బయటపడకపోతే బతకదు. బయటపడకపోతే ఏమవుతుందో విట్వాటర్స్‌రాండ్ రాళ్లే చూపిస్తాయి. అక్కడ యురేనినైట్ రేణువుల చుట్టూ గట్టి నల్లని కర్బన పదార్థం కమ్ముకుని ఉంటుంది, దాన్ని థుకోలైట్ అంటారు. దగ్గరకు వచ్చిన హైడ్రోకార్బన్లను రేడియేషన్ ఒకదానికొకటి అతికించి, హైడ్రోజన్‌ను ఊడగొట్టి, చివరకు కరగని ముద్దగా మార్చేసింది. కర్బనాన్ని ఒక చోట పట్టి నిలపడానికి ఇదొక మార్గమని జాన్ పార్నెల్ లాంటివారు దీన్ని అనుకూలంగానే చూశారు. నాకు మాత్రం అది హెచ్చరికలాగే కనిపిస్తుంది. నీరు పారుతూ ఉండాలి. సరుకు తయారైన చోటి నుంచి కాస్త అవతలికి కొట్టుకుపోయి, అక్కడ ఎండుతూ తడుస్తూ చిక్కబడాలి. అలలు వచ్చిపోయే ఇసుక తీరం ఈ షరతుకు బాగా సరిపోతుంది, అందుకే రియాక్టర్ కంటే రేడియోధార్మిక ఇసుక మీదే నాకు ఆశ.

పైనుంచి వచ్చే రేడియేషన్ సంగతీ చెప్పాలి. ఆనాటి గాలిలో మీథేన్, అమ్మోనియా అంతగా లేవని, ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఉండేవని ఇప్పుడు చాలామంది అంగీకరిస్తారు. అలాంటి గాలిలో మెరుపులతో అమైనో ఆమ్లాలు రాబట్టడం కష్టం. కోబయాషి బృందం 2023 పత్రంలో మెరుపులనూ, సూర్యుడి నుంచి వచ్చే వేగవంతమైన ప్రోటాన్లనూ పోల్చింది. మెరుపులకు 15 శాతం మీథేన్ కావలసి వస్తే, ప్రోటాన్లకు 0.5 శాతమే సరిపోయింది. యువ సూర్యుడు నేటికంటే సుమారు 30 శాతం మసకగా ఉన్నా, భారీ సౌర జ్వాలలు ఎగజిమ్మడంలో మాత్రం చాలా చురుకుగా ఉండేవాడని అదే వయసున్న ఇతర నక్షత్రాలను చూసి చెప్పగలం. కాబట్టి ఇది గట్టి పోటీదారు.

గ్రహశకలాల్లో జరిగింది మరో కథ. సౌర కుటుంబం తొలి దశలో అల్యూమినియం-26 ఉండేది, అర్ధాయుష్షు సుమారు 7 లక్షల ఏళ్లు. దాని వేడికి గ్రహశకలాల లోపలి మంచు కరిగి నీరైంది, దాని గామా కిరణాలు ఆ నీటిలో అమైనో ఆమ్లాలు పుట్టించగలవని 2022లో ప్రయోగాలు చూపాయి. బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023 సెప్టెంబరులో భూమికి చేరిన మట్టిలో, జీవులు ప్రోటీన్లలో వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయని, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల క్షారాలు ఐదూ ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. వాటిలో రేడియేషన్ వాటా ఎంత, మామూలు వేడినీటి రసాయన చర్యల వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. అమైనో ఆమ్లాలు అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఎడమ, కుడి రకాలుగా ఉంటాయి; జీవులు ఎడమచేతివాటపు వాటినే వాడటానికి విశ్వ కిరణాల్లోని మ్యుయాన్లు (ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికంటే బరువైన కణాలు) కారణమని 2020లో గ్లోబస్, బ్లాండ్‌ఫర్డ్ ప్రతిపాదించారు. అందమైన ఊహే, కానీ బెన్నూ మట్టిలో ఎడమ, కుడి రకాలు దాదాపు సమానంగా కనిపించాయి. ప్రస్తుతానికి దాన్ని అంతటితో వదిలేస్తాను.

ఇక మీ రెండో సందేహం. రేడియేషన్ డీఎన్‌ఏను పాడుచేయడం నిజమే, కానీ పాడవడానికి ముందు డీఎన్‌ఏ అంటూ ఉండాలి. ముడిసరుకు తయారవుతున్న దశలో కాపాడుకోవలసిన సమాచారమే లేదు. ఒక అణువు విరిగితే ఇంకోటి పుడుతుంది. నకళ్లు తీసుకునే పొడవాటి గొలుసులు వచ్చాకే రేడియేషన్ శత్రువవుతుంది. అప్పుడు కూడా సాధారణ ప్రదేశాల్లో మోతాదు భరించలేనంత కాదు. బీటా, గామా నేపథ్యం 400 కోట్ల ఏళ్ల క్రితం నేటికంటే సుమారు 5 రెట్లు ఉండేదని అంచనా. డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అనే బ్యాక్టీరియా వేల గ్రేల (కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి ఇంకితే ఒక గ్రే) మోతాదును తట్టుకోవడం చూసి, అది ఆనాటి రేడియేషన్ గుర్తు అంటుంటారు. ఆ వాదన నిలవదు. ఎండిపోవడాన్ని తట్టుకునే శక్తి నుంచే దానికి ఆ గుణం వచ్చిందని 1996లోనే బలమైన ఆధారం చూపారు.

పుట్టిన జీవాన్ని రేడియేషన్ పోషించగలదని మొదట్లో అన్నాను. దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్లలోని వేడి నీటిలో దాదాపు ఒంటరిగా బతికే బ్యాక్టీరియా దొరికింది, పేరు డిసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వియేటర్. దానికి సూర్యుడితో పనిలేదు. రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. అదే చర్యలో పుట్టిన ఆక్సీకరణులు పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజంలోని గంధకాన్ని సల్ఫేట్‌గా మారుస్తాయి. ఆ హైడ్రోజన్‌ను ఆ సల్ఫేట్‌తో కలిపి అది జీవిస్తుంది. కెనడాలోని కిడ్ క్రీక్ గనిలో కనీసం 150 కోట్ల ఏళ్లుగా బయటి ప్రపంచంతో సంబంధం లేని నీరు హైడ్రోజన్‌తో నిండి ఉందని తేలినప్పుడు, ఇలాంటి పోషణ ఎంత కాలం నిలవగలదో కూడా అర్థమైంది. అంగారకుడి నేల కింద జీవం కోసం వెతకడానికి నాకు కనిపించే బలమైన కారణాల్లో ఇదొకటి. అయితే ఆ బ్యాక్టీరియా పైనుంచి లోతుకు వలసపోయిన జీవమే, అక్కడే పుట్టిందని దాన్ని బట్టి అనుకోకూడదు.

చివరిగా, ఈ రంగంలో ఇంకా తెగని ముడి ఒకటుంది. గామా గదిలో గంటకు వేల గ్రేల మోతాదు ఇస్తాం. మామూలు రాతిలో ఏడాదికి గ్రేలో వెయ్యో వంతు చొప్పున వస్తుంది కాబట్టి 1,000 గ్రేలకు పది లక్షల ఏళ్లు పడుతుంది. ఒక కిలో యురేనియం, దాని సంతతి మూలకాలతో కలిపి, నేడు ఏడాదికి విడుదల చేసే శక్తి సుమారు 3,000 జౌళ్లు. లీటరు నీటిని ఒక్క డిగ్రీ కూడా వేడెక్కించలేదది. 400 కోట్ల ఏళ్ల క్రితం కిలోకు దాదాపు రెట్టింపు ఉండేది. బరువులో 1 శాతం యురేనియం ఉన్న ఇసుకను ఊహించుకున్నా, ఆల్ఫా శక్తిలో చాలా భాగం రేణువులోనే ఇంకిపోతుంది, చుట్టూ ఉన్న నీటికి 1,000 గ్రేలు చేరడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ నెమ్మదితనం వల్ల ఒక లాభం ఉంది. రాడికళ్లు పలచగా పుడితే ఒకదానితో ఒకటి ఢీకొని వృథా కావు, సైనైడ్ లాంటి అణువులను వెతుక్కుని చేరతాయి, అంటే ప్రతి జౌలుకు దిగుబడి పెరగవచ్చు. నష్టమూ ఉంది. ఆ దశాబ్దాల్లో సైనైడ్ నీటితో చర్య జరిపి ఫార్మమైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారిపోతూ ఉంటుంది, అమైనోఆక్సజోల్ కూడా నిలవ ఉండదు. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో కాగితం మీద లెక్కతో తేలదు. బలహీనమైన వనరు, నిజమైన యురేనినైట్ ఇసుక, తాజాగా చేరుతూ ఉండే సైనైడ్ నీరు, ఉష్ణోగ్రత, ఆమ్లత మార్చి మార్చి ఏళ్ల తరబడి నడిపే ప్రయోగం కావాలి. అందులో కూడా అమైనోఆక్సజోల్ కొలవగలిగినంత నిలిస్తే, పైన నేను "పాత్ర ఉండి ఉంటుంది" అని రాసిన చోట "ఉంది" అని దిద్దుతాను.